గడప మీద ముత్యాలక్క

అనగనగా అంటే మరీ అంత వెనక్కి పోవద్దు, మన తాతలకు తాతల కాలం అనుకోండి. ఒక కొండ, కొండలో ఒక గుహ, గుహలో ఒక ఊట. కింద ఊరంతా ఆ నీళ్లతోనే బతికేది.

ఒక ఏడాది మూడు రాతి భూతాలు ఎక్కడి నుంచో వచ్చి ఊటకు అడ్డం కూర్చున్నాయి. కాలువ ఎండిపోయింది. బిందెలు బోర్లించారు.

ఆ గుహ నేలంతా రాతి పలకలు. అక్కడొక వింత కట్టుబాటు ఉంది. మనిషి ఒక పని చేశాక భూతాలు తలా ఒక పని చేస్తాయి. ఎవరికైనా పని అంటే ఒక పలక నడవడం, పక్క పలకలో ఉన్నవాణ్ణి కొట్టడం, లేదా ఊరికే ఉండటం. దెబ్బ తగిలితే భూతం పొడైపోతుంది, మనిషి రాయైపోతాడు. మనిషి రాయైతే పొడి మళ్లీ భూతమై లేస్తుంది. మూడు భూతాలూ పొడైతేనే రాయైనవాళ్లు లేస్తారు.

మొదట ఊరి కావలి ఓబన్న వెళ్లాడు. మహా బలశాలి. ఏం లాభం! గబగబా నడిమధ్యకు పోయి నిలబడ్డాడు. భూతాలు మూడు వైపులా చేరాయి. ఒకదాన్ని కొట్టాడు, శభాష్! మిగతా రెండూ ఊరుకుంటాయా? ఓబన్న రాయైపోయాడు.

తర్వాత అతని తమ్ముడు సింగన్న బయలుదేరాడు.

"అన్నలాగా మధ్యకు పోనులే వదినా, గోడవారనే పోతాను" అని ఓబన్న భార్య ముత్యాలక్కకు చెప్పాడు.

అన్నట్టే గోడవారనే పోయాడు. ఎదురుగా ఒక భూతం, నడుమ ఒక్క పలక ఖాళీ. ఆవేశం ఆగక ఆ పలకలోకి దూకాడు. దూకడంతో అతని వంతు అయిపోయింది. ఇక కొట్టే వంతు భూతానిది. సింగన్నా రాయే.

ముత్యాలక్క భోరున ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, రోకలి పట్టుకుని వెళ్లింది. గుహ గుమ్మం ఇరుకు. సరిగ్గా గడప మీద ఆగింది.

"అయ్యో, గడప మీద నిలబడతావేంటమ్మా, అరిష్టం! లోపలికైనా పో, బయటికైనా రా!" అని ఊరివాళ్లు కేకలు పెట్టారు.

"మూడూ చుట్టుముడితే అంతకంటే అరిష్టం. ఇక్కడైతే ఒక్కటే నా ముందుకు రాగలదు. కాసేపు గోల చెయ్యకండి" అంది ముత్యాలక్క.

మొదటి భూతం వచ్చింది. నడుమ ఒక్క పలక ఖాళీ. దాని వెనకాల రాయైన మొగుడు కనిపిస్తున్నాడు. పరుగెత్తి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. అయినా అడుగు వెయ్యలేదు.

"ఊరికే ఉన్నాను. నా వంతు అయిపోయింది, రా" అంది.

భూతం ఆ పలకలోకి వచ్చింది. దాని వంతు అయిపోయింది. రోకలి దెబ్బ పడింది, భూతం పొడి. వెనకది ఆ ఖాళీలోకి వచ్చింది, అదీ పొడి. మూడోదానికీ అంతకంటే తెలివి లేదు, అదీ వచ్చింది, అదీ పొడి.

ఊట ఉరికింది. ఓబన్న, సింగన్న దులుపుకుని లేచారు.

"మూడింటినీ చంపావా! ఎంత దూరం తరిమావే?" అన్నాడు ఓబన్న.

"నేనెక్కడికీ పోలేదయ్యా. వాటినే రానిచ్చాను" అని అతని చెయ్యి గట్టిగా పట్టుకుని మళ్లీ ఏడ్చింది.

విన్నారు కదా పిల్లలూ, ఎంత గట్టిగా కొట్టగలమన్నది తర్వాతి సంగతి. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ఆగాలో తెలిసినవాళ్లదే గెలుపు.