ఊపిరిపెట్టెకి వార్లు కట్టిన దాలయ్య

అనగనగా ఒక రేవు. ఆ రేవులో ఒక దాలయ్య. ఎప్పటి మాటంటే ఎవరూ చెప్పలేరు. మన తాతలకి తాతలు ఇసుకలో పీతల వెనక పరిగెత్తే నాటి మాట. అప్పటికి ఆ ఒడ్డున దీపస్తంభం లేదు. సముద్రం ఉంది, ఏరు ఉంది, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే మొగ ఉంది. మొగకి అటూ ఇటూ నల్లరాళ్ళు ఉన్నాయి. వేటకెళ్ళిన పడవ ఇంటికి రావాలంటే ఆ రాళ్ళ మధ్యనుంచే రావాలి.

దాలయ్యది తోలుపని. రేవు చివర, వాసన ఊరిమీదికి రాని దిక్కున అతని పాక. ఎద్దులకి మెడపట్టెడలు కుట్టేవాడు, బావులకి తోలు బొక్కెనలు కుట్టేవాడు, కమ్మరికి కొలిమితిత్తి కుట్టేవాడు. పని ఇచ్చేవాళ్ళు వాకిట్లో రాయి మీద పెట్టి, దూరంనుంచే చెప్పి వెళ్ళిపోయేవారు. అతన్ని ముట్టుకునేవారు కారు. ఆ రోజులు అలాంటివి.

అతనికి ఒక అలవాటు ఉండేది. ఏ పని ఇచ్చినా చేతిలోకి తీసుకుని అటు తిప్పేవాడు, ఇటు తిప్పేవాడు, తలకిందులు చేసేవాడు. "నాకేటీ బోదపడ్నేదు" అనేవాడు. నిజంగానే బోధపడేది కాదు. అయినా చెయ్యి ఆగేది కాదు.

ఒకనాడు పోలమ్మ వచ్చింది. పోలమ్మ చేపలమ్ముకునే మనిషి, మగడు లేని మనిషి. అంతకుముందు ఏడాది పుష్యమాసంలో పొద్దున్నే మంచు దిగి, రెండు పడవలు మొగ కనపడక నల్లరాళ్ళ మీద పడ్డాయి. ఒకదాంట్లో ఆమె మగడు ఉన్నాడు. ఒడ్డున మంట వేశారు, మంచులో కనపడలేదు. డప్పు కొట్టారు, చెమ్మకి చర్మం మెత్తబడి దగ్గరవాళ్ళకే వినపడలేదు. అరిచారు, అలల హోరులో అరుపు కలిసిపోయింది.

పోలమ్మ నెత్తిమీదనుంచి ఒక పెట్టె దించింది. రాయి మీద పెట్టలేదు. సరాసరి దాలయ్య చేతుల్లో పెట్టింది.

"ఏటిదప్పా?" అన్నాడు దాలయ్య. ఆమె అతనికంటే పెద్దది, అందుకే అప్ప అని పిలిచేవాడు.

"పాటల పెట్టి, తమ్ముడా. ఆమధ్య ఓడ కళాసీ ఒకడు జొరంతో మన ఒడ్డున పడ్డాడు కదా. గంజి పోసి బతికించాను. ఎల్లిపోతా ఇచ్చీసినాడు."

దాలయ్య అటు తిప్పాడు. అటుపక్క గుండీలు. ఇటు తిప్పాడు. ఇటుపక్కా గుండీలు. మధ్యలో మడతలు మడతలుగా తిత్తి. తిత్తి అతనికి తెలుసు. కమ్మరికి ఎన్నో కుట్టాడు.

"తిత్తి ఉంది సరే. మరి నిప్పెక్కడ?" అన్నాడు.

పోలమ్మ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని గుండీలు నొక్కుతూ తెరిచింది, మూసింది. పాట వచ్చింది. దాలయ్య చేతిలోని ఆరె, అదే తోలు పొడిచే సూది, కింద పడిపోయింది.

"ఇది చెమ్మకి మెత్తబడదు తమ్ముడా. మంచులో కూడా దీని గొంతు దూరం పోద్ది. మంచు దిగిన రోజు మొగ చివర నీళ్ళలో నిలబడి వాయించాలని నా ఆశ. కానీ ఒళ్ళో పెట్టుకుంటేగానీ ఇది పలకదు. నీళ్ళలో నిలబడితే ఒళ్ళెక్కడిది? దీన్ని భుజాలకి తగిలించే ఉపాయం చెయ్యి."

"నాకేటీ బోదపడ్నేదప్పా" అన్నాడు దాలయ్య. "ఉంచీసెళ్ళు."

ఆమె వెళ్ళాక పెట్టె చుట్టూ తిరిగాడు. దీనికి ముఖం ఎటు, వీపు ఎటు? ఎద్దుకైతే మెడ ఉంది. గాడిదకైతే వీపు ఉంది. దీనికి ఏం ఉంది? ఊపిరి ఒక్కటే ఉంది. ఒక గుండీ నొక్కి మెల్లిగా తెరిచాడు. "ఓ" అంది. అదే గుండీ వదలకుండా మూశాడు. "రా" అంది. వేలు మారలేదు, గుండీ మారలేదు, మాట మారింది. మళ్ళీ తెరిచాడు, "ఓ". మళ్ళీ మూశాడు, "రా". దాలయ్య పెట్టెని కింద పెట్టి కాసేపు దానికి దూరంగా కూచున్నాడు.

బోధపడలేదు. అయినా చెయ్యి ఆగలేదు.

మొదట ఎద్దుకి పట్టెడ కట్టినట్టు పెట్టె నడుం చుట్టూ వారు కట్టాడు. ఎత్తితే భుజాన చక్కగా వేలాడింది. కానీ తిత్తి తెరుచుకోలేదు. పెట్టె గొంతు బిగిసి కుయ్‌మని మూలిగింది. గబగబా వారు కోసి, "తప్పయిపోయిందమ్మా" అని పెట్టెకి దండం పెట్టాడు.

రెండోసారి కమ్మరి దగ్గర ఇత్తడి కొండీలు చేయించుకొచ్చి, పెట్టెకి రెండు పక్కలా ఉన్న చెక్కలకి చెరోటి బిగించి, వారు తగిలించుకుని నడిచాడు. తెరవబోతే రెండు చెక్కలూ భుజాల్ని చెరో పక్కకీ లాగాయి. మనిషి తాగినవాడిలా తూలాడు. పైగా మేకు లోపలికి దిగిన చోటనుంచి బుస్సుమని గాలి పోతోంది. దాలయ్య వారు విప్పేశాడు. మేకు పీకి, ఆ బెజ్జంలో లక్క కరిగించి పోశాడు. మళ్ళీ ఊపిరి నిలిచేదాకా అతను ముద్ద మింగలేదు.

మూడోసారి ఏమీ బిగించలేదు. పెట్టెని రొమ్ముకి హత్తుకుని ఊరికే కూచున్నాడు. తన ఊపిరి తీశాడు, దాని ఊపిరి తీశాడు. అప్పుడు చూశాడు. కుడిపక్క చెక్క రొమ్ముకి ఆని కదలకుండా ఉంది. ఎడమపక్క చెక్క ఒక్కటే వెళ్తోంది, వస్తోంది. ఒకటి ఉండాలి, ఒకటి తిరగాలి. ఇంట్లో ఆడమనిషి ఉంటే మగవాడు వేటకెళ్ళి వచ్చినట్టు.

కొండీలు రెండూ కుడిచెక్కకే బిగించాడు, పైన ఒకటి, కింద ఒకటి, మేకు చెక్కలోనే ఆగేటట్టు. వాటికి రెండు వెడల్పాటి వార్లు తగిలించాడు, రెండు భుజాలకీ. తంగేడు బెరడుతో పదును చేసిన మెత్తటి తోలు అది. ఎడమచెక్క మీద చెయ్యి దూరేందుకు చిన్న పట్టీ ఒకటి కుట్టాడు. తన భుజాలకే వేసుకుని చూశాడు. పెట్టె రొమ్ము మీద పసిపిల్లలా కూచుంది. కానీ ఎంత ఎత్తులో ఉంటే మంచిదో అతనికి తేలలేదు. బొడ్డు దగ్గరా? రొమ్ము దగ్గరా? గడ్డం దగ్గరా? తేలక వార్లకి మూడు చోట్లా బెజ్జాలు పొడిచాడు.

పోలమ్మ వచ్చి వేసుకుంది. ఆమె చిన్న మనిషి. చివరి బెజ్జానికి బిగించినా పెట్టె బొడ్డు కిందికి జారింది.

"నీ ఒంటికి కుట్టినావేటి తమ్ముడా" అని నవ్వింది.

"కొలిచేందుకు ఇంకో ఒళ్ళు లేదప్పా. ఉంచు, రేపు పొట్టివి చేస్తాను."

ఆ రేపు మంచు దిగింది.

మూడు పడవలు తొలికోడికే వేటకెళ్ళిపోయాయి. పోలమ్మ ఏరు దాటి అవతలి సంతకి వెళ్ళింది. తెల్లవారేసరికి సముద్రం లేదు, ఏరు లేదు, మొగ లేదు. చాపిన చెయ్యి చివర వేళ్ళు లేవు. పోటు మొదలై ఏరు నిండింది. ఇక పోలమ్మ ఇవతలికి రాలేకపోయింది.

పోలమ్మ పెట్టె సంగతి విన్న రేవు పెద్ద ఎల్లాజీ తడుముకుంటూ దాలయ్య పాకకి వచ్చాడు. అతని కొడుకు గుర్రయ్య ఆ పడవల్లో ఒకదాంట్లో ఉన్నాడు. ఎల్లాజీ వాకిట్లో రాయి దగ్గర ఆగలేదు. లోపలికే వచ్చేశాడు.

"పెట్టె ఏదిరా?"

"ఇదిగో బాబూ. వాయించేవాళ్ళు లేరు కదా."

ఎల్లాజీ పెట్టె లాక్కుని తెరిచాడు, మూశాడు, గుండీలన్నీ కలిపి నొక్కాడు. కాకుల గుంపు కొట్టుకున్నట్టు అరిచిందది. ఎల్లాజీ పెట్టెని తిరిగి దాలయ్య చేతుల్లో పెట్టాడు.

"నీకు వచ్చా?" అన్నాడు.

"పాట రాదు బాబూ. ఒక్క గుండీ తెలుసు. అదీ నాకు బోదపడ్నేదు."

"ఒక్కటి చాలు. రా."

దాలయ్య వార్లు భుజాలకి వేసుకున్నాడు. అతని ఒంటికి కుట్టినవే, సరిపోయాయి. ఎల్లాజీ అతని మణికట్టు పట్టుకుని ఇసుకతిన్నె మీదుగా నీళ్ళలోకి నడిపించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ రేవువాడెవడూ తన చెయ్యి పట్టుకోలేదు. అందుకని దాలయ్య దారి చూసుకోలేదు, ఆ చేతినే చూస్తూ నడిచాడు. తొడలోతు నీళ్ళలో ఎల్లాజీ ఆగాడు.

"ఇదే మొగ అంచు. ఇక్కడే నిలబడు. నువ్వు జరిగితే నీ గొంతు జరుగుద్ది, పడవలు రాళ్ళ మీదికి పోతాయి. నేను ఒడ్డుకి పోయి తాళ్ళతో మనుషుల్ని నిలబెడతాను."

చెయ్యి వదిలాడు. మంచులో కలిసిపోయాడు.

దాలయ్య ఒక్కడూ మిగిలాడు. ఊరు ఎటో తెలీదు, సముద్రం ఎటో తెలీదు. గుండీ నొక్కి తెరిచాడు, మూశాడు. "ఓ... రా..." మంచులోంచి ఎవరో "ఓ... రా..." అన్నారు. తన పెట్టేనా, ఇంకో పెట్టెనా? రాళ్ళు పలుకుతున్నాయా, చచ్చిపోయినవాళ్ళు పలుకుతున్నారా? అతనికి బోధపడలేదు. అయినా చెయ్యి ఆగలేదు.

నీళ్ళు నడుం దగ్గరికి వచ్చాయి. తిత్తి తడిస్తే గొంతు పోతుంది. వార్లు రెండో బెజ్జానికి లాగి బిగించాడు. పెట్టె రొమ్ము మీదికి వచ్చింది. ఓ... రా... ఎక్కడో తెడ్డు చప్పుడు. నల్లగా ఏదో పక్కనుంచి జారిపోయింది. ఒక పడవ.

నీళ్ళు బొడ్డు దాటి పైకి వచ్చాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మూడో బెజ్జానికి లాగాడు. పెట్టె గడ్డం కిందికి వచ్చింది. ఓ... రా... ఇంకో పడవ.

మూడో పడవ రాలేదు. నీళ్ళు రొమ్ము దగ్గరికి వచ్చాయి. ఇక బిగించడానికి బెజ్జం లేదు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే బావుండునని కాళ్ళు అడిగాయి. కానీ వెనక అంటే ఎటు? ఏది ముందో ఏది వెనకో తెలిస్తే కదా. తెలియకుండా జరిగితే పడవ పోతుంది. దాలయ్య మునివేళ్ళ మీద లేచాడు, పెట్టెని మోచేతులతో పైకెత్తి పట్టుకున్నాడు, ఉన్నచోటే ఉన్నాడు. ఓ... రా... ఓ... రా...

ఆఖరికి అతని నెత్తిమీదే తెడ్డు కనిపించింది. ఒక చెయ్యి కిందికి వచ్చి వార్లు పట్టుకుంది. ఆ వార్లతోనే మనిషినీ పెట్టెనీ కలిపి పడవలోకి లాగింది. ఆ చెయ్యి గుర్రయ్యది.

పడవలో పడుకోబెట్టినా దాలయ్య తెరుస్తూ మూస్తూనే ఉన్నాడు.

"ఇక ఆపు అన్నా. అందరం వచ్చీసినాం" అన్నాడు గుర్రయ్య.

"అందరూనా? ఎటునుంచి వచ్చారు?" అన్నాడు దాలయ్య. ఎంత చెప్పినా నమ్మలేదు. ఒడ్డుకి చేరాక ఎల్లాజీ వచ్చి చెయ్యి పట్టుకుంటే అప్పుడు ఆపాడు.

ఆ చలి అతని రొమ్ములోకి దిగింది. జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, ఊపిరి బరువెక్కింది. పోలమ్మ పాకలోనే కూచుని గంజి పట్టింది. ఒక పొద్దు దాలయ్య కళ్ళు తెరిచాడు.

"అప్పా, ఒక్కటి చెప్పు. గుండీ ఒకటే కదా. తెరిస్తే ఒక మాట, మూస్తే ఇంకో మాట. ఎందుకలాగ?"

పోలమ్మ పెట్టెని ఒళ్ళోకి తీసుకుని ఒకసారి తెరిచింది, మూసింది. "నాకూ తెలీదు తమ్ముడా" అంది.

"నీకూ తెలీదా" అన్నాడు దాలయ్య. అతని ముఖం తేటపడింది. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

అతనికి ముందూ వెనకా ఎవరూ లేరు. పాడె ఎవరు మొయ్యాలని ఊరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. ఎల్లాజీ తలగుడ్డ తీసి నడుముకి చుట్టుకుని, వంగి ముందుకొమ్ము భుజాన వేసుకున్నాడు. రెండో కొమ్ము గుర్రయ్య వేసుకున్నాడు. మిగతావాటికి మూడు పడవలవాళ్ళూ పోటీపడ్డారు. మొగ కనపడే ఇసుకతిన్నె మీద అతన్ని పూడ్చిపెట్టారు.

ఆ పెట్టె ఇప్పుడు లేదు. తిత్తి చివికిపోయింది, కొండీలు ఏ కాలంలోనో ఊడిపోయాయి. కానీ ఆ ఒడ్డున ఇప్పటికీ ఎవరైనా "నాకు తెలీని పని, నేనెలా చెయ్యను" అని వెనక్కి తగ్గితే, పెద్దవాళ్ళు "దాలయ్యకి బోదపడిందా ఏటి" అంటారు. కొత్త పడవ నీళ్ళలోకి దించేముందు దాని మూతికి ఒక తోలువారు కడతారు. అది కట్టే మనిషిని చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిపించుకు వస్తారు. మంచు దిగిన పొద్దున ఆడవాళ్ళు మొగ దగ్గర నిలబడి ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పిలుస్తారు, "ఓ... రా... ఓ... రా..." అని. పడవలు మంచుకి ముందే ఒడ్డుకి చేరిపోయినా సరే, పిలుస్తారు. అందరూ వచ్చేశాక ఎవరికమ్మా ఆ పిలుపు అని అడిగితే, "మాకేటీ బోదపడ్నేదు" అని మళ్ళీ నీళ్ళవైపు తిరుగుతారు.