గంటు పడ్డ కత్తి, గవరయ్య న్యాయం

గరుగుపాలెంలో గవరయ్య, పైడయ్య, నూకరాజు అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ గట్టి నమ్మకం. రాత్రిపూట అది బయటకి జారిపోతుందేమోనని నడి ఎండాకాలంలో కూడా కిటికీలు బిగించుకుని, ఉక్కకి ఒకరికొకరు విసురుకుంటూ పడుకునేవాళ్ళు. గవరయ్య భార్య సన్నాసమ్మ, పైడయ్య భార్య పోలమ్మ, ఇద్దరూ ఆ ఇంటికి తగ్గ కోడళ్ళే. చిన్నవాడు నూకరాజుకి మాత్రం పెళ్ళి కాలేదు. ఇంత తెలివైన ఇంటికి పిల్లనివ్వాలంటే ఎవరికైనా జంకుగానే ఉంటుందని గవరయ్య అందరికీ చెప్పేవాడు.

ఎట్టకేలకి పక్క ఊరి పాపినాయుడు ముందుకొచ్చాడు. ఆయనకొక పట్టింపు ఉంది. "ముందు మీ ఇంట్లో పనసపొట్టు కూర తింటాను, ఆ తరవాతే మాటిస్తాను. పొట్టు సన్నంగా కొట్టే ఇంట్లో అన్నీ సక్రమంగా ఉంటాయి. రేపు మధ్యాహ్నం వస్తున్నాను," అని కబురు పంపాడు. నూకరాజు సంతోషం పట్టలేక వంటింట్లో ఉన్న పనసకాయని కౌగిలించుకున్నాడు. ఒళ్ళంతా గీరుకుపోయింది. అయినా వదల్లేదు, తన పెళ్ళి దాని కడుపులోనే ఉంది మరి.

కాయ ఉంది గాని పొట్టు కొట్టే కత్తి లేదు. గవరయ్య సంతకి పోయి పాత సామాన్లవాడి దగ్గర ఒక కత్తి కొనుక్కొచ్చాడు.

"కొత్త కత్తికి ఏటి తెలుస్తాది? దీనికైతే బోలెడు అనుభవం ఉంది," అన్నాడు.

తీరా చూస్తే అంచు మధ్యలో చిటికెన వేలి గోరంత గంటు. ఆనపకాయ తరిగి చూశారు. గంటు తగిలిన చోట తెగక, ముక్కలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడాయి. పైడయ్య వెంటనే కమ్మరి అప్పలాచారి దగ్గరకి పరుగెత్తాడు. చారి కొలిమి దగ్గర చెమటలు కక్కుతున్నాడు, తలెత్తే తీరిక కూడా లేదు.

"చారిగారూ, కత్తికి గంటు పడితే ఏటి చెయ్యాలి?"

"సానరాయి మీద నూరండి. గంటు కనపడకుండా పోయేదాకా నూరుతూనే ఉండండి."

అంతే, పైడయ్య ఇంటికొచ్చి రాయి తడిపి కత్తి పెట్టబోయాడు. గవరయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగరా. గంటు మధ్యలో ఉంది. అటూ ఇటూ ఉన్న మంచి అంచు ఏం పాపం చేసిందని దాన్ని అరగదీస్తావు? తప్పు ఎవడిదైతే వాణ్ణే కొట్టాలి."

ఎంత న్యాయమైన మాట అని ఇంటిల్లిపాదీ తలలూపారు. సానరాయి మూల విరగ్గొట్టి, ఆ ముక్కతో గంటుని మాత్రమే రాయడం మొదలుపెట్టారు. కాసేపయ్యాక చూస్తే గంటులో చూపుడువేలు దూరింది.

"తగ్గిందా అన్నయ్యా?" అన్నాడు నూకరాజు.

"చిన్న గంటు పోయింది. దాని వెనకాల పెద్దది నక్కి ఉన్నట్టుంది, ఇప్పుడు బయటపడింది," అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, పెద్దదాని పని పట్టారు. పొద్దు గూకే వేళకి గంటులో బొటనవేలు దూరింది. నూకరాజుకి ఏడుపు ముంచుకొచ్చింది. "ఇంక నాకు పెళ్ళవదు వదినా," అన్నాడు. పైడయ్యది జాలిగుండె. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, "దిగులు పడకురా. కనపడకుండా పోవాలన్నాడు కదా, నాకు కనపడ్డం లేదు," అన్నాడు. వాళ్ళందరూ వంతులవారీగా కళ్ళు మూసుకుని చూసి, నిజమే, పోయిందన్నారు. కళ్ళు తెరిస్తే మళ్ళీ వచ్చి కూర్చుంటోంది, అదే వచ్చిన చిక్కు.

తెల్లారగానే ముగ్గురూ కత్తి పట్టుకుని కొలిమికి పోయారు. దాన్ని చూసి అప్పలాచారి సుత్తి కింద పెట్టేశాడు.

"గంటుని ఎవడు ముట్టుకోమన్నాడయ్యా? లోపాన్ని పూడ్చలేం. పక్కనున్న మంచి అంచుని గంటు లోతుదాకా దించాలి. అంతా సమమైపోతే ఇంక గంటెక్కడిది? పొండి, నా బుర్ర తినకండి."

గవరయ్య అలాగే నిలబడిపోయాడు. ఇంటికి వచ్చే దారంతా అదే మాట. "లోపాన్ని పూడ్చలేం. మిగతాదాన్ని దించి సమం చెయ్యాలి. ఇంత చిన్న కిటుకు మనకి ఇన్నాళ్ళూ తోచలేదేట్రా?"

అన్నదమ్ములు రాయి ముందు కూర్చుని ఒకరు అలిసిపోతే ఒకరు నూరారు. బొటనవేలి లోతు దించేసరికి చేతులు పడిపోయాయి. గంటు పోయింది. కత్తీ చాలావరకు పోయింది. పిడికి దబ్బనమంత ఇనుము మిగిలింది. "ఎంత సమంగా ఉందో," అని సన్నాసమ్మ మురిసిపోయింది.

పదును చూద్దామని నూకరాజు దాన్ని మీసం మీద పెట్టాడు. ఎడమవైపు ఒక ముక్క ఎగిరిపోయింది.

"గంటు," అన్నాడు పైడయ్య.

"సమం చెయ్యి," అన్నాడు గవరయ్య.

అంతే, పెళ్ళికొడుకు మీసం మొత్తం పోయింది. గవరయ్యకి ఇంక పూనకం వచ్చినట్టయింది. ఇల్లంతా కలియతిరిగాడు. ఎక్కడ చూసినా గంట్లే. నూకరాజు మంచి చొక్కాకి ఒక గుండీ లేదు, పోలమ్మ మిగతావి పీకేసింది. వంటింటి కప్పులో ఒక పెంకు జారిపోయి ఉంది, పైడయ్య పైకెక్కి మిగతా పెంకులన్నీ దించేశాడు. పెరటి దడిలో గేదె దూరిన కంత ఉంది, ముగ్గురూ కలిసి దడంతా పీకి అవతల పడేశారు. ఇంకేముంది, ఊళ్ళో మేకలన్నీ లోపలికొచ్చాయి. ఒక మేక భోజనానికని కోసి పెట్టిన అరిటాకుల్లో ఒకదాన్ని కొరికింది. పోలమ్మ ఊరుకుంటుందా? మిగతా ఆకులన్నీ దగ్గరుండి మేకలకి తినిపించింది.

ఈ హడావుడిలో పనసకాయ సంగతి మరిచిపోయారు. గుర్తొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వంటింట్లో కప్పు లేదు కాబట్టి ఆ సంగతి వాళ్ళకి బాగానే తెలిసింది. గవరయ్య చేతులకి నూనె రాసుకుని, కత్తెత్తి కాయ మీద బలంగా కొట్టాడు. కత్తి మెడ వంచి పనసకాయకి దండం పెట్టింది. ఇంక లేవలేదు.

అప్పుడే పాపినాయుడు వచ్చాడు. దడీ, దడి తలుపూ కనపడక, "ఎటునించి రావాలండీ?" అని అడిగాడు. "మీ ఇష్టం బాబూ, ఎటునించైనా రండి," అన్నాడు గవరయ్య గర్వంగా. లోపలికొచ్చి చూస్తే, మీసం లేని పెళ్ళికొడుకు గుండీల్లేని చొక్కాని రెండు చేతులతో గుండెకి అదిమి పట్టుకుని నిలబడ్డాడు. నమస్కారం పెడితే చొక్కా విడిపోతోంది, చొక్కా పట్టుకుంటే నమస్కారం కుదరడం లేదు. పాపినాయుడు ఓపిక గల మనిషి. సరేలే, వినయం ఎక్కువలా ఉంది అనుకుని చాప మీద కూర్చున్నాడు.

"కూర అయిందా అమ్మా?"

సన్నాసమ్మ నిండు పనసకాయని మోసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"పొట్టు లోపలే ఉంది బాబూ," అంది.

నిజం చెప్పాలంటే పాపినాయుడు చాలా మంచివాడు. ఇంకొకరైతే అప్పుడే లేచి వెళ్ళిపోయేవారు. ఆయనకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. వీళ్ళకి కల్లాకపటం తెలియదు, మా పిల్లని పువ్వుల్లో పెట్టి చూసుకుంటారు, ఇక మాటిచ్చేద్దాం అనుకున్నాడు. అనుకుని, నూకరాజు వైపు చూసి నోరారా నవ్వాడు. ఆ నవ్వులో ముందు పన్ను ఒకటి లేదని అందరికీ కనపడింది.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పెద్దాయన ఎన్నాళ్ళనించి బాధపడుతున్నాడో పాపం," అన్నాడు గవరయ్య. "పైడయ్యా, నువ్వు కాళ్ళు పట్టుకో. నూకరాజూ, కాబోయే మావగారు, నీ చేత్తో నువ్వే చెయ్యాలి. సానరాయి పట్రా."

పాపినాయుడు పనసకాయని గవరయ్య కాళ్ళ మీదకి దొర్లించి లేచాడు. దడి లేకపోవడం ఆయనకి ఎంతో కలిసొచ్చింది. మేకల్ని తప్పించుకుంటూ పొలాలకి అడ్డం పడి పోయాడు. "కొంచెమే నొప్పెడతాది బాబూ," అని పైడయ్య కాలవ గట్టుదాకా వెంటపడ్డాడు గాని అందలేదు. సంబంధం అలా పోయింది.

నూకరాజు అరుగు మీద కూలబడి ఏడ్చాడు. వాడి ఏడుపు చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. "మీ ఇద్దరికీ పెళ్ళాలున్నారు. ఈ ఇంట్లో నాకొక్కడికే లేదు," అన్నాడు వెక్కుతూ. గవరయ్యకి తమ్ముడంటే ప్రాణం. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఆలోచించాడు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఉండగా మొహం విప్పారింది.

"బట్టలు సర్దుకో," అన్నాడు పెళ్ళాంతో. "పోలమ్మా, నువ్వూ సర్దుకోమ్మా."

ఎందుకని వాళ్ళు అడగలేదు. పొద్దున్నించీ చూస్తూనే ఉన్నారు కదా. ఇద్దరూ మూటలు కట్టుకుని, మరిది కష్టం గట్టెక్కుతోందని కళ్ళొత్తుకుంటూ, ఒకరు తూర్పుకీ ఒకరు పడమరకీ పుట్టిళ్ళకి వెళ్ళిపోయారు.

అన్నదమ్ములు ముగ్గురూ అరుగు మీద వరసగా కూర్చున్నారు. గవరయ్య తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు బాగా చూసి చెప్పు. ఎక్కడైనా గంటుందేట్రా?"

నూకరాజు కళ్ళు తుడుచుకుని, ఇటు పెద్దన్నయ్యనీ అటు చిన్నన్నయ్యనీ పరీక్షగా చూశాడు.

"లేదన్నయ్యా," అన్నాడు తృప్తిగా. "అంతా సమంగా ఉంది."