చప్పుడు లేని గాలి

మకరపురి కొలువులో పెద్ద పంకా రొదకు ఎవరి మాటా వినబడేది కాదు. ఒకరోజు ఆ గోలలో ఫిర్యాదు చేసినవాడికే శిక్ష పడింది. రాజు నొచ్చుకుని, చప్పుడు లేకుండా బాగా గాలి వీచే విసనకర్ర కావాలని చాటింపు వేయించాడు.

బుట్టలల్లే ఓబులమ్మ వెదురు విసనకర్ర తెచ్చింది. దాన్ని పరీక్షించడానికి రాజు పెద్ద పంకాను ఆపించాడు. అప్పుడే ఎండనపడి వచ్చిన మంత్రి నరహరి చెమటలు కక్కుతూ రాజు ముందు నిలబడ్డాడు. "చప్పుడే లేకపోతే గాలెక్కడిది ప్రభూ? పంకా అన్నాక గర్జించాలి!" అంటూ తాను చేయించిన పంకా గొప్పలన్నీ ఏకరువు పెట్టాడు. ఓబులమ్మ వినయంగా అతని వెనక నిలబడింది. రాజు మీసాల చాటున నవ్వుకున్నాడు.

చివరికి నరహరి వెనక్కి తిరిగి, "ఏదీ, విసిరి చూపించు!" అన్నాడు.

"ఎప్పుడో మొదలుపెట్టాను దొరా! మీ చెమట కూడా ఆరిపోయింది. మీకు వినబడలేదు, అంతే."

నరహరి నుదురు తడుముకున్నాడు. పొడిగా ఉంది.

కొలువులో గాలి ఏర్పాటంతా రాజు ఆ పూటే ఓబులమ్మకు అప్పగించాడు.