చిన్న కారు, పొడుగు కారు

ఆండాళమ్మ గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. ఒక పని చెబుతారు. తెనాలిలో ఆవిడ దగ్గర వీణ నేర్చుకున్న మా అందరికీ ఇది అనుభవమే. రాగానికి ప్రాణం ఎక్కడుంటుందని అడిగిన ఒకామెను చాలాకాలం తంబూరా శ్రుతి చేసే పనిలో కూర్చోబెట్టారు. పెళ్ళి చేసుకోవాలా వద్దా అని అడిగిన ఒకాయనను తెలిసినవాళ్ళ పెళ్ళిలో వడ్డనకు పంపారు. పని పూర్తయ్యాక కొందరు జవాబు దొరికిందన్నారు, కొందరు ప్రశ్నే మరిచిపోయామన్నారు. ఆవిడకు రెండూ సమ్మతమే.

మైథిలి అడిగిన ప్రశ్న మాత్రం ఆ వీణ గదిలో అంతకుముందు ఎవరూ అడిగింది కాదు. ఆమె బ్యాంకులో అధికారి. రోజూ రేపల్లె వెళ్ళి రావాలి. బస్సులతో విసిగిపోయి, సొంత సంపాదనతో మొదటి కారు కొనుక్కోవాలని నిర్ణయించుకుంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఏ కారు అన్నదగ్గర ఇంటిల్లిపాదీ రెండు పక్షాలయ్యారు. ఆమె తల్లి మోకాళ్ళ నొప్పుల మనిషి. సీటు ఎత్తుగా ఉంటుంది, సందులో తిరుగుతుంది, వెనక తలుపు పైకెత్తితే ఇంటికి కావలసినవన్నీ పడతాయి కాబట్టి హ్యాచ్‌బ్యాక్ కొనమంటుంది. తమ్ముడు ఉదయ్ ఆ మాటే పడనివ్వడు. “కారంటే వెనక డిక్కీ సాగి ఉండాలక్కా. అది లేకపోతే కారుని సగానికి కోసేసినట్టుంటుంది. బ్యాంకు ఆఫీసరువి, సెడాన్‌లో దిగితే ఆ లెక్కే వేరు” అంటాడు. మైథిలి బుద్ధి తల్లి వైపే ఉంది. మనసు మాత్రం షోరూం అద్దం వెనక నిలబెట్టిన నీలం సెడాన్ దగ్గర ఆగిపోయింది. పైకప్పు నుంచి వెనక్కి ఒక్క ఊపున జారి ఆగిన ఆ గీత, వీణ కుండ నుంచి దండికి దిగే వంపులా కనిపించింది ఆమెకు. అలా కనిపించినందుకు కొంచెం సిగ్గు కూడా పడింది.

పాఠం అయిపోయాక వీణకు గుడ్డ కప్పుతూ అడిగేసింది. “అమ్మగారూ, సౌకర్యం చూసుకుని కొనాలా, అందం చూసుకుని కొనాలా? అందం కావాలనుకోవడం తప్పంటారా?”

ఆండాళమ్మ గారు వేళ్ళకు తొడుక్కున్న మీటలు తీసి డబ్బాలో పెట్టుకున్నారు. “ఆదివారం సభలో హుస్సేన్‌పీరా గారికి సన్మానం. ఆయన్ని తీసుకొచ్చే పూచీ నాది. నా బదులు నువ్వెళ్ళు. కార్లు అద్దెకు దొరుకుతాయిగా. తీసుకొచ్చేటప్పుడు ఒక రకం, దిగబెట్టేటప్పుడు ఒక రకం. ఏది ముందో నీ ఇష్టం.”

షేక్ హుస్సేన్‌పీరా గారి పేరు ఇప్పటివాళ్ళకు అంతగా తెలియకపోవచ్చు. చిలకలూరిపేట దాటాక ఒక పల్లెలో ఉంటారు. తాతల నాటి నుంచి నాదస్వరం వాళ్ళ ఇంటి విద్య. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ గుళ్ళో బ్రహ్మోత్సవం జరిగినా ఆయన వాయిస్తేనే పల్లకి కదిలేది. బ్యాండు మేళాలు వచ్చాక పిలుపులు తగ్గాయి. మొన్నామధ్య ఒక ఊళ్ళో సన్మానమని పిలిచి, ఎవరో పెద్దమనిషి రావడం ఆలస్యమైందని ఈయన్ని గుమ్మం బయట నిలబెట్టారట. వాళ్ళు కప్పబోయిన శాలువా ముట్టుకోకుండా ఈయన బస్సెక్కి వెళ్ళిపోయారు. తెనాలి సభకూ మొదట రానన్నారు. ఆండాళమ్మ గారు స్వయంగా ఫోను చేసి, “ముందు గేటు దగ్గర పూలదండతో ఎదురొచ్చి తీసుకెళతారు సాహెబు గారూ, నాదీ మాట” అన్నాకే ఒప్పుకున్నారు. ఈ సంగతంతా మైథిలికి చెప్పి, “మాట పడే మనిషి కాదు, జాగ్రత్త” అని కూడా అన్నారు ఆవిడ.

మైథిలి బాగా ఆలోచించే మనిషి. పల్లెలో సందులు ఇరుకు, ఆయన పెద్దవారు, వెంట డోలు వాయించే తమ్ముడు జానీబాషా, వాద్యాలు, సంచులు. తీసుకురావడానికి హ్యాచ్‌బ్యాకే మేలనుకుంది. ఆదివారం పొద్దున్నే తానే నడుపుకుంటూ బయల్దేరింది. ఆమె ఆలోచన ఎక్కడా తప్పలేదు. కారు నేరుగా ఆయన అరుగు దాకా వెళ్ళింది. వెనక తలుపెత్తి డోలు, నాదస్వరం పెట్టె, బట్టల సంచి సర్దితే ఇంకా చోటు మిగిలింది. హుస్సేన్‌పీరా గారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుర్చీలో కూర్చున్నంత తేలిగ్గా ఎక్కి కూర్చున్నారు. తెల్లటి పంచె, జరీ కండువా, చెవులకు పాత కాలపు రాళ్ళ పోగులు. దారి పొడుగునా ఏ ఊరి గుళ్ళో ఏ వేళకు ఏ రాగం వాయించేవారో చెబుతూనే ఉన్నారు. మైథిలి మనసులో అనుకుంది, ఇక అడగాల్సిందేముంది, ఇదే కొనేస్తాను అని.

సభ జరిగే కల్యాణ మండపం దగ్గర రెండు గేట్లున్నాయి. ముందు గేటుకు అరటి చెట్లు కట్టి, సన్నటి ఎర్ర తివాచీ పరిచి, దండ పట్టుకుని కొందరు నిలబడి ఉన్నారు. బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన పొట్టి కారును దూరం నుంచే చూసి చెయ్యి ఊపాడు.

“సామాను బళ్ళు వెనక గేటుకండీ! ఇక్కడ ఆపకండి, గెస్టు వస్తున్నారు!”

వెనక నుంచి ఎవరిదో పొడుగాటి తెల్ల కారు హారన్ కొట్టింది. మైథిలి అద్దం దించి చెప్పబోయింది. హారన్ మళ్ళీ మోగింది. ఇక్కడ నిలబడి వాదించడమెందుకు, లోపలికెళ్ళాక చెప్పొచ్చులే అనుకుని బండి తిప్పేసింది. తిప్పిన క్షణంలోనే ఆమెకు తప్పు చేశానని తెలిసింది. అప్పటికే బండి వెనక గేటు దాటి వంటల దగ్గర ఆగింది. గాడిపొయ్యి మీద సాంబారు ఉడుకుతోంది. గుండిగల పక్కన కూర్చుని నలుగురు వంకాయలు తరుగుతున్నారు. వంట మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, “పెరుగు క్యాన్లేనా? ఇటు దించండి, ఈ నీడన” అన్నాడు.

 జానీబాషా ముఖం కందగడ్డలా అయింది. “అన్నా, పోదాం పద. మళ్ళీ అదే మర్యాద” అన్నాడు. మైథిలికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. గురువుగారు ఇచ్చిన మాట తన చేతుల్లో ఉండగా పోయింది. “బాబాయిగారూ, ఒక్క నిమిషం, నేను పరిగెత్తుకెళ్ళి వాళ్ళని తీసుకొస్తాను” అంటూ తలుపు తెరిచింది.

“నువ్వెక్కడికీ పరిగెత్తకు తల్లీ” అన్నారు హుస్సేన్‌పీరా గారు.

ఆయన దిగారు. పంచె కుచ్చిళ్ళు సవరించుకున్నారు. కండువా తీసి నడుముకు బిగించుకున్నారు. వెనక తలుపు తానే పైకెత్తి పెట్టె తెరిచి నాదస్వరం తీశారు. తమ్ముడి వైపు చూశారు. జానీబాషా ఇంకా కోపంగానే ఉన్నాడు, అయినా ఆ చూపుకు చేతులు వాటంతట అవే డోలు మీదికి వెళ్ళాయి. నాదస్వరం పీక పెదవుల మధ్య తడుపుకుని, అక్కడే, బూడిద గుమ్మడికాయల రాశి పక్కన నిలబడి, ఆయన మల్లారి ఎత్తుకున్నారు. దేవుడి పల్లకి గుడి దాటి వెలుపలికి వచ్చేటప్పుడు వాయించేది అది. విన్నవాళ్ళు కూర్చుని ఉండలేరు.

వంకాయలు తరిగేవాళ్ళు కత్తిపీటలు వదిలి లేచారు. వంట మేస్త్రీ తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. లోపల మైకులో ఎవరో స్వాగతం చదువుతున్నారు, ఆ గొంతు మధ్యలో ఆగిపోయింది. కుర్చీలు జరిగిన చప్పుడు. తర్వాత జనం. ముందు గేటు దగ్గర నిలబడ్డవాళ్ళంతా దండతో, పళ్ళేలతో, చెమటలు కక్కుకుంటూ మండపం చుట్టూ తిరిగి వెనక గేటుకు వచ్చారు. బ్యాడ్జీ పెట్టుకున్నాయన అందరికన్నా ముందున్నాడు. వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. హుస్సేన్‌పీరా గారు తొందరపడలేదు. మల్లారి పూర్తిగా వాయించి, నాదస్వరం కళ్ళకద్దుకుని, అప్పుడు తల వంచి దండ వేయించుకున్నారు. వంట మేస్త్రీ దగ్గర ఆగి, “పెరుగు ఇంకా రాలేదయ్యా, మేమే వచ్చాం” అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో మేస్త్రీ కూడా తేరుకున్నాడు.

సభ గొప్పగా జరిగింది. నగిషీ చెక్కిన ఒక టేకు కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి సన్మానం చేశారు. కుర్చీ కూడా ఆయనకే ఇచ్చేశారు. భోజనాలు అవుతుండగా మైథిలి వెళ్ళి బండి మార్చి సెడాన్ తెచ్చింది. అది మండపం ముందుకు రాగానే ఎవరూ ఏమీ అడక్కుండానే గేటు బార్లా తెరిచారు. ఆమె అది గమనించింది.

తీరా ఎక్కే వేళకు కుర్చీ డిక్కీలో పట్టలేదు. లోపల చోటు బోలెడు, నోరు మాత్రం చిన్నది. అడ్డంగా పెట్టి చూశారు, నిలువుగా పెట్టి చూశారు. చివరికి సగం లోపల, సగం బయట ఉంచి, మూత మూయకుండా తాడుతో కట్టారు. అంత నాజూకైన కారు నోరు తెరుచుకుని, కుర్చీ కాళ్ళు బయటపెట్టుకుని బయల్దేరింది. సీటు కిందికి ఉండడంతో హుస్సేన్‌పీరా గారికి ఎక్కేటప్పుడు తమ్ముడి చెయ్యి కావలసి వచ్చింది. కాని కూర్చున్నాక కాళ్ళు చాపుకుని, వెనక్కి వాలి, “అబ్బ” అన్నారు. కారు రోడ్డు మీద చప్పుడు లేకుండా సాగింది. ఆయన కాసేపు నిద్రపోయారు కూడా.

ఊరి మొదట్లో గతుకు దాటుతుంటే కారు అడుగు నేలకు రాసుకుంది. ఆ చప్పుడుకు ఆయన లేచారు. బజారు కనిపించగానే ముందుకు వంగి, “అమ్మా, అద్దం దించడం ఎలాగో చూపించు. కొంచెం నెమ్మదిగా పోనీ” అన్నారు. మైథిలి నెమ్మదిగా పోనిచ్చింది. టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు లేచి చూశారు. ఎవరో “పీరా తాతా!” అని కేక వేశారు. ఆయన మెడలో దండతో చెయ్యెత్తి అందరినీ పలకరించారు. వెనక కుర్చీ కాళ్ళు ఊగుతున్నాయి. జానీబాషా పొద్దుట్నుంచీ మొదటిసారి మనసారా నవ్వాడు. దిగాక ఆయన కారు పైకప్పు మీద చెయ్యి వేసి నిమిరి, “బావుంది తల్లీ, పెళ్ళికొడుకులా ఉంది” అన్నారు. ఆ మాటలో బింకం లేదు, సిగ్గూ లేదు.

మైథిలి తర్వాత ఏ కారు కొన్నదో మాకందరికీ తెలుసు. హ్యాచ్‌బ్యాకే కొన్నది, అదీ కళ్ళు చెదిరే ఎరుపు. తమ్ముడు మూతి ముడుచుకుని, మొదటి వారమే తాళాలు అడగడం మొదలుపెట్టాడు. షోరూం ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆమె ఇప్పటికీ తల తిప్పి ఆ సెడాన్ గీతను చూస్తుంది. అందమైనదాన్ని చూసినట్టు చూస్తుంది, అంతే, పోగొట్టుకున్నదాన్ని చూసినట్టు కాదు. అయితే ఈ నిర్ణయం ఆ ఆదివారం నాటిది కాదు. ఆ రోజు ఆమె దానికి సరిగ్గా ఎదురు నిర్ణయంతో ఇంటికి వచ్చింది. మర్నాడు పాఠానికి వచ్చి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. కుర్చీ సంగతి, నేలకు రాసుకున్న సంగతి, బజారులో ఆయన ముఖం వెలిగిన సంగతి, ఏదీ దాచలేదు.

“వాడుకకు చిన్నదే మేలని నాకు తెలిసిపోయిందమ్మగారూ. అయినా సెడానే కొంటాను. అందులో వెళ్ళి ఉంటే ముందు గేటు తీసేవాళ్ళు” అన్నది.

“తీసేవాళ్ళే” అన్నారు ఆండాళమ్మ గారు.

“మీ మాట పోయేది. ఆయన వల్ల నిలబడింది. ఆయనకేం, చేతిలో నాదస్వరం ఉంది, ఎక్కడ నిలబడితే అదే ముందు గేటయింది. నాలాంటిదాని చేతిలో ఏముందని?”

ఆండాళమ్మ గారు వీణ ఒళ్ళోకి తీసుకుని, శ్రుతి చూసుకుంటూ, తలెత్తకుండానే అన్నారు.

“ఆ గేటు దగ్గర నీ చేతిలో స్టీరింగు ఉంది కదమ్మా.”