గంధర్వ గొప్పా, కిన్నెర గొప్పా?

తేనెపల్లి సంస్థానంలో కిరీటాలూ ఉండేవి, కంప్యూటర్లూ ఉండేవి. అదెలా కుదిరిందని అడిగేవాళ్ళు అడుగుతూ కూర్చోండి, మిగతావాళ్ళు కథ వినండి.

అత్తారింటి నుంచి రాజకుమారి కబురు పెట్టింది. "నాన్నగారూ, మీ జోలపాట లేందే మీ మనవడు నిద్రపోనంటున్నాడు." అంతే, మకరందభూపతి గారు ఉబ్బితబ్బిబ్బయిపోయారు. ఆనందంతో తొడ చరిస్తే చేతి కడియాలు గలగలమన్నాయి.

"కోటలోనే పాట రికార్డు చేసి పంపిద్దాం! దానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని సభలో అడిగారు.

అడగడమే పాపమైంది. రెండు గొంతులు ఒక్కసారే లేచాయి.

"గంధర్వ, ప్రభూ!" అన్నారు ఆస్థాన విద్వాంసులు సర్వేశ్వర శర్మగారు.

"కిన్నెర, ప్రభూ!" అన్నాడు కోశాధికారి బావమరిది చలమేశం.

"గంధర్వలో పాడితే గొంతు తేనెలో ముంచి తీసినట్టుంటుంది."

"కిన్నెరలో అపశ్రుతులు వాటంతటవే సర్దుకుంటాయి."

"ఎవరి అపశ్రుతులు?" అన్నారు రాజుగారు.

చలమేశం నాలిక కరుచుకున్నాడు. గొంతు సవరించుకుని, "పైగా తంబురా కూడా అందులోనే ఉంది ప్రభూ. ఇక తాయారు అక్కర్లేదు" అన్నాడు.

"గంధర్వలోనూ ఉంది!" అన్నారు శర్మగారు. వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

తాయారంటే రాజుగారి వెనక కూర్చుని తంబురా మీటే మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కొలువే ఆమె బతుకు. ఆ మాట వినేసరికి గుండె గుభేలుమంది. గుభేలుమంటే మాత్రం, నోరు ఊరుకుంటుందా?

"తంబురా పెట్టెలో ఉందంటున్నారు. అయితే ఆస్థాన విద్వాంసులు కూడా ఏదో మూల ఉండే ఉంటారు, వెతికించండి ప్రభూ!"

సభ గొల్లుమంది. రాజుగారూ నవ్వారు గానీ, వెంటనే మీసం సవరించుకున్నారు.

"అంత తెలివుంటే నువ్వే తేల్చు తాయారూ! రేపు సాయంత్రానికల్లా ఏది కొనాలో చెప్పావా, నీ కొలువు నీది. చెప్పలేకపోయావా, తంబురాకి గుడ్డ చుట్టుకుని ఇంటికి నడు."

పాపం, తాయారు రెండు సాఫ్ట్‌వేర్లూ తెరిపించి చూసింది. ఎక్కడ చూసినా మీటలే మీటలు. ఇదీ బాగానే ఉంది, అదీ బాగానే ఉంది. ఏదో ఒకటి చెప్పేద్దామంటే రెండోవాడు ఊరుకోడు, ఆమె కొలువు ఊడగొట్టేదాకా నిద్రపోడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి రాజుగారి చెవిలో ఏదో ఊదింది. రాజుగారు ముందు గుడ్లురిమారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు.

మధ్యాహ్నం సంగీతశాలలో ఒక తెర కట్టించింది. తెర ముందు ఇంతెత్తు స్పీకర్లు పెట్టించింది. రాణిగారు వచ్చి కూర్చున్నారు. గదంతా ఒకటే ఉక్క. దాసీలు విసనకర్రలతో విసురుతూనే ఉన్నారు, శర్మగారి ఉత్తరీయం చెమటకి తడిసి ముద్దవుతూనే ఉంది.

"ఏలినవారికి తలనొప్పిట. రాణిగారే విని చెబుతారు" అంది తాయారు. "పాట రెండుసార్లు వస్తుంది. మొదటిది గంధర్వ అనుకోండి, రెండోది కిన్నెర అనుకోండి. కానివ్వండి!"

జోలపాట మొదలైంది. మధ్యమధ్యలో గలగలమని చప్పుడు. రాణిగారు ఆ చప్పుడు వింటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

శర్మగారు తల ఊపుతూ పరవశించిపోయారు. "ఆహా! ఆ మువ్వల సవ్వడి విన్నారా అమ్మా? గంధర్వలో తప్ప ఇంకెక్కడా దొరకదు!"

"మువ్వలా? కిర్రు తలుపు తీసినట్టుంది" అన్నాడు చలమేశం.

మళ్ళీ అదే పాట, అదే గలగల. ఈసారి పరవశం చలమేశం వంతు.

"అదీ గొంతంటే! కిన్నెర పట్టుకుంటే ఎవరైనా గంధర్వుడైపోవాల్సిందే!" అనేసి, మాట జారిందని తెలిసి తల గోక్కున్నాడు.

"ఛీ ఛీ!" అన్నారు శర్మగారు చెవులు మూసుకుంటూ. "రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. ఆ గొంతేమిటమ్మా, జలుబు చేసిన దున్నపోతులాగా! మన ప్రభువుల గొంతును ఇంత పాడుచేస్తుందా కిన్నెర?"

రాణిగారు ఇక ఆపుకోలేక అడిగారు. "తాయారూ, శర్మగారికి అంత చెమట పడుతోందేమే? ఫ్యాను వెయ్యకూడదూ?"

"ఎలా వెయ్యనమ్మా? పొద్దుటి నుంచీ కోటలో కరెంటు లేదు కదా!"

శర్మగారు పైకి చూశారు. ఫ్యాను కదలడం లేదు. చలమేశం స్పీకర్ల వెనక చూశాడు. వైర్లు చుట్టచుట్టి నేల మీద పడున్నాయి.

"మరి... ఇప్పటిదాకా పాడిందేమిటి?" అన్నారు శర్మగారు.

తెర పక్కకి జరిగింది. కడియాలు గలగలలాడించుకుంటూ మకరందభూపతి గారు బయటికొచ్చారు.

"పాడింది జలుబు చేసిన దున్నపోతు, శర్మగారూ! చేతికి ఆ కిర్రు తలుపు కూడా ఉంది, చలమేశానికి చెప్పండి."

ఇద్దరూ తాయారు మీద విరుచుకుపడ్డారు. "గంధర్వ అన్నావు! కిన్నెర అన్నావు!"

తాయారు చేతులు కట్టుకుంది.

"అనుకోండి అన్నానయ్యా. అనుకున్నది మీరు!"

రాణిగారు పడీపడీ నవ్వారు. దాసీలు విసనకర్రలు కిందపడేసి నవ్వారు. రాజుగారికైతే కళ్ళనీళ్ళొచ్చాయి.

"అది సరే, ఇంతకీ ఏది కొనమంటావు?"

"ఏలినవారి చేతికి ఏది ముందు అలవాటైతే అది. కానీ ఆ గలగలని మాత్రం చెరిపేయనివ్వకండి ప్రభూ. చిన్నబాబుగారు నిద్రపోయేది దానికే."

రాజుగారు మురిసిపోయి కడియం ఒకటి ఊడదీసి ఆమె చేతిలో పెట్టబోయారు. తాయారు గబుక్కున వెనక్కి తగ్గింది.

"వద్దు ప్రభూ! అది నాకిస్తే పాటలో సగం వాయిద్యం పోతుంది."

"అయితే నీ కొలువు నీదే. దానికి తోడు మెడలో గొలుసు!" అంటూ రాణిగారు తన గొలుసు తీసి ఆమె మెడలో వేశారు. "మరి వీళ్ళిద్దరికీ?"

రాజుగారు దాసీల విసనకర్రలు రెండూ ఏరి, శర్మగారికొకటి, చలమేశానికొకటి ఇచ్చారు.

"ఇదిగో గంధర్వ, ఇదిగో కిన్నెర. ఏది గొప్పదో కరెంటు వచ్చేదాకా విసిరి తేల్చండి!"