గానుగ కింద చదువు

నేను గాడిదను. ఈ మాట మీరు అనేలోపు నేనే అనేస్తే ఇద్దరికీ శ్రమ తగ్గుతుందని ముందే చెబుతున్నాను. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని మావాళ్ళు తెగ మురిసిపోతుంటారు గానీ, ఆయన పట్టుకున్నది నోరు ముయ్యమని బతిమాలడానికి. మా వంశానికి దక్కిన గౌరవం అంతవరకే.

మా యజమాని సూరప్ప మంచివాడే. ఊరి బట్టలన్నీ ఆయన ఉతికేవాడు, మూటలు నేను మోసేవాణ్ణి. ఈమధ్య ట్రాలీ ఆటో కొన్నాడు. నా వీపు నిమిరి, ఓ మోపు గడ్డి వేసి, "ఒరే బూడిదా, ఇక నీకు విశ్రాంతిరా" అన్నాడు. విశ్రాంతి అంటే ఏమిటో ఆ మోపు అయిపోయాక తెలిసింది. రేవు పక్కనున్న అడవిలోకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక తోక ఊపుకుంటూ నిలబడ్డాను.

ఆ అడవికి వైద్యం చేసేది ఎలుగుబంటి మామ్మ. చూపు మందగించింది పాపం, పసరు మందు అనుకుని ఓ కుందేలుకు తేనె పోసిందట. కుందేలు సంతోషించింది గానీ మామ్మ మనసు కష్టపెట్టుకుంది. అందరినీ ఇప్పచెట్టు కిందికి పిలిచి చెప్పింది.

"నా తర్వాత ఈ పని ఎవరో ఒకరు అందుకోవాలి. రోజూ సాయంత్రం జీవశాస్త్రం పాఠం చెబుతాను. ఎండలు ముదిరేలోపు పరీక్ష. నెగ్గినవాళ్ళకి ఏటిగట్టున నా పాక, దాని చుట్టూ పచ్చిక. రోగులు ఆ పాకలోనే పడుకోవాలి, వైద్యుడు ఏం చెబితే అది చెయ్యాలి."

పచ్చిక అన్న మాట వినగానే నా చెవులు వాటంతటవే లేచాయి. రోగులు పాకలో పడుకోవాలన్న మాట వినగానే నక్క చెవులు లేచాయి. ఆయనగారి పేరు వాచస్పతి. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నాడు.

"సేవ చెయ్యడానికి నేను సిద్ధం మామ్మా!" అన్నాడు వాచస్పతి, చెయ్యి గుండెమీద పెట్టుకుని.

నా పక్కనున్న పొడల కోడి వణికిపోయింది. పెళ్ళివారి బుట్టలోంచి తప్పించుకుని అడవిలో చేరిన ముసలి కోడి అది. నేను పొడలత్తా అంటాను.

"ఒరే బూడిదా, విన్నావా? నాకు జ్వరమొస్తే నక్క పాకలో పడుకోవాలట! నువ్వు రాయరా పరీక్ష."

"నేనా? గాడిదకేం తెలుసు అత్తా గంధపు వాసన!"

"గంధం సంగతి తర్వాత. గడ్డి వాసన తెలుసుగా? ఎండాకాలం ఏం తింటావు?"

సరేనన్నాను. ఆకలిగా ఉన్నవాడితో వాదించడం కోడికి కూడా సులువే.

చదువు మొదలుపెట్టాం. పాఠం వినడం, మర్నాటికి మరిచిపోవడం. నా చెవులు ఇంత పొడుగుగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. ఒకదాంట్లోంచి వెళ్ళింది రెండోదాంట్లోంచి సావకాశంగా నడిచిపోవడానికి. పొడలత్తకి ఓ ఆలోచన వచ్చింది. బాదం ఆకుల మీద ముక్కుతో రాసింది, ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. కోడిగీతలని వెక్కిరిస్తారు గానీ, ఆ రాత నాకు ముత్యాల్లా కనిపించింది.

"ముందు ప్రశ్న చూడు. జవాబు నోటితో చెప్పు. ఆ తర్వాతే ఆకు తిప్పు. తిప్పి చూసి 'ఆఁ, నాకు తెలుసు' అన్నావంటే ముక్కు మీద పొడుస్తాను."

"అలాగే అత్తా."

సాయంత్రానికి ఆవిడ వచ్చి చూస్తే ఒక్క ఆకూ లేదు.

"ఆకులేవిరా?"

"ఆకలేసింది అత్తా."

"చదువంతా తినేశావా!"

"లోపలికి వెళితే మంచిదే కదా అనుకున్నాను."

ఆ పూట నా ముక్కు మీద పడిన పోట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు. మర్నాడు ఎండు తాటాకు ముక్కల మీద రాసింది. అవి నాకు కూడా సహించవు.

ఇక్కడ నా ఇంకో తెలివితక్కువతనం చెప్పాలి. వీపు మీద బరువు దిగిపోయినా కాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. పాత అలవాటు. తెల్లారగానే రేవుకు పోతాయి. రోజు విడిచి రోజు ఊరి చివరి తుమ్మచెట్టు దాకా పోతాయి. వారానికోసారి సంత దిబ్బకు పోయి, పాడుపడ్డ గానుగ దగ్గర కాసేపు నిలబడి తిరిగొస్తాయి. మూటా లేదు, ముల్లే లేదు, తిరుగుడు మాత్రం మానను. చూసినవాళ్ళు నవ్వేవారు. నాకే నవ్వొచ్చేది.

పొడలత్త మాత్రం నవ్వలేదు. "ఎలాగూ తిరుగుతావుగా, ఆ తిరుగుడుకే చదువు కట్టేద్దాం. కొత్తవీ, తప్పినవీ రేవులో బండ మీద పెట్టు, రోజూ చూస్తావు. తప్పులేకుండా చెప్పినవి తుమ్మతొర్రలోకి మార్చు. అక్కడ కూడా గుర్తున్నవి గానుగ కిందికి తీసుకుపో. ఎక్కడ తప్పినా సరే, ఆ ఆకు మళ్ళీ రేవుకు రావలసిందే."

"రోజూ అన్నీ చూసేస్తే పోదా అత్తా?"

"వచ్చినదాన్నే రోజూ చూసుకుంటూ కూర్చుంటే నీకు ముద్దుగానే ఉంటుంది. రానిది ఎప్పుడు చూస్తావు?"

అలా మోత మొదలైంది. సూరప్ప బట్టలు పోయి కోడిగీతలు వచ్చాయి, అంతే తేడా. కొన్ని ఆకులు చకచకా గానుగ చేరాయి. చేప మొప్పలతో ఊపిరి పీలుస్తుంది, కోడిగుడ్డు పెంకులో ఉండేది సున్నం, సాలీడుకు కాళ్ళు ఎనిమిది. కొన్ని మాత్రం రేవు వదిలితే ఒట్టు. మైటోకాండ్రియా అనే మాట నా నోట్లో తిరిగేసరికి రేవులో కప్పలు గట్టెక్కి వినేవి. అన్నిటికంటే మొండిది ఇంకొకటి ఉంది. "పిత్తాశయం లేని జంతువు ఏది?" పిత్తాశయమంటే కాలేయం కింద చేదు రసం దాచుకునే చిన్న తిత్తి. రోజుకో పేరు చెప్పేవాణ్ణి. మేక అన్నాను, ఆవన్నాను, ఓసారి కొబ్బరిచెట్టు అన్నాను. ఆకు తిప్పితే "గుర్రం, గాడిద" అని ఉండేది. నా కడుపులో ఏం లేదో నాకే గుర్తుండదు! పొడలత్త ముక్కుమీద పొడిచేది, ఆకు బండమీదే ఉండిపోయేది. చివరికి ముక్కు వాచాక గానీ అది బుర్రకెక్కలేదు. ఎక్కినా సరే, "దీన్ని నమ్మనురా" అని ఆవిడ దాన్ని రేవు కదలనివ్వలేదు.

వాచస్పతి పద్ధతి వేరు. మామ్మ పాఠం చెబుతుంటే కళ్ళు మూసుకుని తలూపేవాడు. "ఒక్కసారి వింటే చాలు నాకు" అనేవాడు. ఓ పొద్దున రేవుకు నీళ్ళకొచ్చి, బండమీది ఆకులు చూసి ఆగాడు.

"ఇవేంటి బావా?"

"నాకు రానివి బావా."

"ఇన్నా! హవ్వ, ఇలా బయట పడేసుకున్నావా! మరి గానుగ కింద దాచుకునేవి?"

"అవి బాగా వచ్చినవి. అందుకే దూరంగా పెట్టాను."

వాచస్పతి నన్ను ఎగాదిగా చూశాడు. నేను చెప్పింది అక్షరాలా నిజం. అదే వచ్చిన చిక్కు. ఎదుటివాడు నిజం చెబుతున్నాడని నమ్మడం ఆ జాతికి అలవాటు లేదు.

"విలువ లేనిదాన్ని ఎవడైనా అంతదూరం మోస్తాడా బావా?" అన్నాడు.

"గాడిదను కదా, మోస్తాను."

"నటించకు బావా, నటించకు" అని పకపకా నవ్వి, బండమీది ఆకుల మీంచి దూకి నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. గాడిద మరిచిపోయిన చదువు తొక్కడానికి కూడా పనికిరాదనుకున్నాడు కాబోలు.

ఆ తర్వాతి సంతకు వెళ్ళేసరికి గానుగ కింద మట్టి తవ్వి ఉంది. ఒక్క ఆకు లేదు. ఏడుస్తూ పొడలత్త దగ్గరికి పరుగెత్తాను. గాడిద ఏడిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఊళ్ళో కుక్కలన్నీ వంత పాడాయి.

"అయిపోయింది అత్తా! నా పచ్చిక పోయింది! పాక పోయింది!"

"ఆగరా! పోయినవి ఏవి?"

"బాగా వచ్చినవి."

"వచ్చినవి పోవడమేమిటిరా, నీ మొహం! అవి నీ దగ్గరే ఉంటాయి. రానివి ఉన్నాయా?"

"బండ నిండా ఉన్నాయి."

"పద మరి."

పరీక్ష రోజు అడవంతా ఇప్పచెట్టు కింద చేరింది. కుందేలు పిల్లలు తల్లుల వెనక నక్కి చూస్తున్నాయి. వాచస్పతి వైద్యుడైతే ముందు దగ్గొచ్చేది తమకేనని వాటికి తెలుసు. ఓడితే నాకు ఎండాకాలమంతా ఎండిన రేవుగట్టే, దుమ్ము నాకడమే.

"ఒకరికి తప్పితే రెండోవాడు చెప్పొచ్చు" అంది మామ్మ. "వాచస్పతీ, చేప దేంతో ఊపిరి పీలుస్తుంది?"

"మొప్పలతో!"

"కోడిగుడ్డు పెంకులో ఏముంటుంది?"

"సున్నం" అన్నాడు గుటక మింగుతూ. పొడలత్త నా కాళ్ళ మధ్యకు దూరింది.

"బూడిదా, సాలీడుకు కాళ్ళెన్ని?"

వచ్చిందే! గానుగ కిందిదే! కానీ చూసి ఎన్నాళ్ళైందో. బుర్రంతా వెతికాను. "ఆరు" అన్నాను.

"ఎనిమిది!" అని వాచస్పతి అరిచాడు. అడవంతా ఘొల్లుమంది. కోతులైతే కొమ్మలు పట్టుకుని నవ్వాయి. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను? ఏడిస్తే కుక్కలొస్తాయి.

"కప్ప గుండెలో గదులెన్ని, వాచస్పతీ?"

నక్క కళ్ళు తిప్పాడు. ఆ ఆకు ఆయన దొంగిలించిన కట్టలో లేదు. "గుండె అన్నాక నాలుగుంటాయి కదా మామ్మా."

"మూడు" అన్నాను నేను.

"కణానికి కావలసిన శక్తి ఎక్కడ తయారవుతుంది?"

"వంటింట్లో" అన్నాడు.

"మై... మైటో... మైటోకాండ్రియాలో మామ్మా!" అన్నాను. రేవు కప్పలు చప్పట్లు కొట్టాయి, వాటికది కంఠతా వచ్చు. ఇలా తప్పుతూ తేలుతూ ఇద్దరం సరిసమానంగా నిలిచాం. మామ్మ గొంతు సవరించుకుంది.

"ఇదే చివరిది. పుస్తకం మాట కాదు, పని మాట. ఈ గాడిదకు కడుపునొప్పి వచ్చిందనుకుందాం. వాచస్పతీ, దీని పిత్తాశయం ఎక్కడుందో పట్టి చూపించు."

వాచస్పతి దర్జాగా నా దగ్గరకొచ్చాడు. డొక్కలో పంజా పెట్టి నొక్కాడు.

"ఇదిగో, కాలేయం కిందే ఉంది. అయ్యయ్యో, బాగా వాచిపోయింది మామ్మా! చేతికి తగులుతోంది. ఇది లాభం లేదు, వెంటనే కోసి తీసెయ్యాలి." గోళ్ళు బయటికి తీశాడు కూడా.

కుందేళ్ళు కెవ్వుమన్నాయి. ఎవ్వరికీ నవ్వు రాలేదు. మామ్మ నా వైపు తిరిగింది.

"నీ ఒళ్ళు నీది. నువ్వు చెప్పు బూడిదా."

వాచిన నా ముక్కు ఒక్కసారి చురుక్కుమంది. మేక, ఆవు, కొబ్బరిచెట్టు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"లేదు మామ్మా. గాడిదకు పిత్తాశయమే ఉండదు. లేనిదాన్ని కొయ్యడానికి నేను ఒప్పుకోను."

"అదిరా జవాబు!" అంది మామ్మ.

వాచస్పతి తోక జారిపోయింది. "అదెలా? ఆ ప్రశ్న గానుగ కింద లేదే!" అని నోరు జారాడు.

పొడలత్త నా కాళ్ళ మధ్య నుంచి మెడ బయటపెట్టి, "ఏ గానుగ నాయనా?" అంది మెల్లగా.

కోతులు కొమ్మలు విరవడం మొదలుపెట్టేసరికి వాచస్పతి కాళ్ళకు బుద్ధి చెప్పాడు. నేను వెనకనుంచి కేకేశాను, ఎంతైనా బావ కదా.

"అది రేవులో ఉంది బావా! ఆ రోజు నువ్వు దానిమీంచే దూకి నీళ్ళు తాగావు!"

ఇప్పుడు ఏటిగట్టు పాక నాదే. పచ్చిక బాగుంది. పొడలత్తకు జ్వరమొస్తే నా పక్కనే పడుకుని, నేను మందు వేళ తప్పితే నా ముక్కు మీదే పొడుస్తుంది. నక్క తోక తొక్కావని అందరూ అంటుంటే కాదనను. సాలీడు ఆకు మాత్రం మళ్ళీ రాయించి రేవు బండ మీద పెట్టాను. ఈ పొద్దున కూడా ఆరే అన్నాను.

నీతి: వచ్చినదాన్ని దాచుకుని మురిసేవాడికంటే, రానిదాన్ని రోజూ కళ్ళముందు పెట్టుకుని తిట్లు తినేవాడే ముందు నేర్చుకుంటాడు.