సన్యాసి ఎడమకాలి పది శాతం

చిన్న కథే. పొయ్యి మీద ఎసరు మరిగేలోగా అయిపోతుంది. అయితే బొడ్డవలస వాళ్ళ తెలివి గురించి ముందు ఒక మాట చెప్పకపోతే వాళ్ళే బాధపడతారు. వాన పడుతోందేమో చూసి రమ్మంటే ఊరు ఊరంతా వీధిలోకి వెళ్ళి, తడిసి ముద్దయి లోపలికొచ్చి, "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అన్నవాళ్ళు వాళ్ళు. తొందరపడి మాట ఇవ్వరు. అదీ వాళ్ళ గొప్ప.

ఇంతకీ కథ గవరమ్మది. ఆ ఊరి పంచాయతీలో ఐదుగురు వార్డు సభ్యులుంటే ఆవిడ ఒకరు. వాళ్ళ నాలుగో వీధికి కుళాయి లేదు. ఊరవతల గెడ్డలో ఇసక తవ్విన ఊటచెలమ దాకా వెళ్ళి నీళ్ళు మోసుకోవాలి. కోడలికి ఆరో నెల. "కుళాయైనా రావాలి, నేనైనా పుట్టింటికి పోవాలి" అని తేల్చి చెప్పేసింది. కుళాయి కావాలంటే తీర్మానం నెగ్గాలి, ఐదు చేతుల్లో మూడు లేవాలి.

"బాబూ, నా వైపు ఎవరున్నట్టు?" అని గవరమ్మ కొత్తగా వచ్చిన కార్యదర్శిని అడిగింది.

ఆయన చదువుకున్నవాడు. "ఊహలెందుకమ్మా? పోయిన ఇరవై తీర్మానాలు చూడండి. మీరు ఎత్తినప్పుడు ఎత్తి, దించినప్పుడు దించినవాళ్ళెవరో లెక్కపెట్టండి. వందకి ఎంత కలిశారో తేలిపోతుంది" అన్నాడు.

లెక్క తేలింది. గవరమ్మతో సన్యాసికి తొంభై శాతం. దాలయ్యకి యాభై, పైడయ్యకి యాభై. అప్పలనాయుడికి సున్నా. ఆవిడ పగలంటే ఆయన రాత్రి అంటాడు.

"నా వంద, నీ తొంభై, దాలయ్యా పైడయ్యలవి కలిపి నూరు. రెండువందల తొంభై" అంది గవరమ్మ సన్యాసితో. "మూడు చేతులంటే మూడువందలు కావాలి. పది తక్కువయింది తమ్ముడూ. నీలో ఆ పది ఎక్కడుందిరా?"

సన్యాసి ఒళ్ళంతా తడుముకున్నాడు. "తెలీదక్కా. తూచి చూద్దాం" అన్నాడు.

ధాన్యం కాటా మీదికి ఎక్కించారు. అరవై కిలోలు. అంటే వద్దనేది ఆరు కిలోలు. తల తూచారు, నాలుగే. కుడికాలు పెట్టారు, ఐదున్నర. ఎడమకాలు పెట్టారు. సరిగ్గా ఆరు! ఇంకేముంది, దొంగ దొరికాడు.

"నిజమేనక్కా! ఇది మొదట్నుంచీ నా మాట వినదు. నేను లేద్దామంటే తిమ్మిరెక్కి కూర్చుంటుంది" అన్నాడు సన్యాసి.

"అయితే దాన్ని మీటింగుకి తేకు. మిగతాదంతా నా వైపే కదా, వందకి వంద" అంది గవరమ్మ.

అంతే. మీటింగు రోజున సన్యాసి గుమ్మంలోనే నిలబడ్డాడు. కుడికాలు లోపల, ఎడమకాలు గడపకి అవతల.

"లోపలికి రావయ్యా" అన్నాడు కార్యదర్శి.

"వచ్చానండి. రావలసినంతా వచ్చాను."

"ఆ కాలు?"

"అది మా పార్టీ కాదండి."

కార్యదర్శి చెయ్యి పట్టి లాగి కుర్చీలో పడేశాడు. కాలు కూడా వచ్చేసింది. గవరమ్మ వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కేసుకుంది. పది మళ్ళీ పోయింది, కుళాయి పోయింది, కోడలు మూట కట్టేసినట్టే.

అప్పుడు వెలిగింది ఆవిడ బుర్ర. నాయుడిది సున్నా కదా! తను వద్దంటే ఆయన కావాలంటాడు. కొత్తగా ఓ నిండు చెయ్యి!

"నాలుగో వీధికి కుళాయి కావాలనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు కార్యదర్శి.

గవరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గట్టిగా కూర్చుంది. నాయుడు ఓరగా చూశాడు. కుళాయి ఆయనకి అక్కర్లేదు, కానీ ఇరవై తీర్మానాలుగా కాపాడుకున్న సున్నా పోకూడదు. ఎత్తేశాడు. దాలయ్యా పైడయ్యా మోచెయ్యి దాకా ఎత్తి ఆపేశారు.

"పూర్తిగా ఎత్తండయ్యా!"

"మేం యాభయ్యే కదండీ" అన్నాడు దాలయ్య.

"ఇద్దరివీ కలిపి ఒకటి రాసుకోండి" అన్నాడు పైడయ్య.

"వద్దనేవాళ్ళు?"

గవరమ్మ ఎత్తింది. ఆవిడ ఎత్తింది కదా అని సన్యాసీ ఎత్తాడు. "నాది తొంభయ్యే రాయండి బాబూ, కాలు ఒప్పుకోవటం లేదు" అన్నాడు.

"మీరిద్దరూ మళ్ళీ ఎత్తుతారా?" కార్యదర్శి దాలయ్యా పైడయ్యలకేసి చూసి నీరసంగా అడిగాడు.

"మా సగాలు ఖర్చయిపోయాయండి" అన్నారు వాళ్ళు.

ఆఖరి బస్సు నాలుగున్నరకి. కార్యదర్శి గడియారం చూసుకుని, వాళ్ళు చెప్పిందే రాశాడు. కావాలన్నవి రెండు, వద్దన్నవి ఒకటీ తొంభై. మూడు లేవకపోయినా ఎక్కువ అటే కాబట్టి తీర్మానం నెగ్గింది. మర్నాటినుంచి ఆయన సెలవు పెట్టేశాడు.

నెల తిరక్కుండా గవరమ్మ గుమ్మం ఎదురుగానే కుళాయి పడింది. వీధంతా బిందెలతో చేరింది, గవరమ్మ తప్ప.

"అత్తా, నీళ్ళొస్తున్నాయి, రా!" అని కోడలు కేకేసింది.

"ఎలా పట్టనే? పుస్తకంలో నా చెయ్యి వద్దన్నవైపు ఉంది" అంది గవరమ్మ. "రేపు ఎవరైనా లెక్క తీస్తే నాతో నాకే ఎంత శాతం వస్తుందంటావు?"

కోడలు పుట్టింటికి పోలేదు. గవరమ్మ మాత్రం రోజూ రెండుసార్లు ఊటచెలమకి పోతోంది.